నల్లమలకి రెండు కుటుంబాలం వెళ్తున్నాం: సిగ్నల్ లేని చోట ఆపదొస్తే కబురు ఎలా పంపాలి?

బెజవాడ_బండి (విజయవాడ) | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. కార్తీకంలో రెండు కార్లలో బయల్దేరుతున్నాం. మా ఇంటి నుంచి నలుగురం, గుంటూరు నుంచి మా చెల్లెలి కుటుంబం. పెద్దవాళ్లున్నారు. మా నాన్నగారు ఇన్సులిన్ మీద ఉన్నారు. పిల్లల్లో అందరికన్నా చిన్నదానికి ఆరేళ్లు.

గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, త్రిపురాంతకం మీదుగా దోర్నాల చేరి ఘాట్ ఎక్కుతాం. మొదటి రాత్రి శ్రీశైలం. తెల్లారి దర్శనం చేసుకుని, తిరుగుదారిలో తుమ్మలబైలు సఫారీ, కుదిరితే ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడి. రెండో రాత్రి ఆత్మకూరు దారిలో ఉన్న బైర్లూటి జంగిల్ క్యాంపులో.

ఇంతకుముందు శ్రీశైలం వెళ్లినా బస్సెక్కి దిగడమే గానీ అడవిలో ఇంతసేపు గడిపింది లేదు. ఘాట్‌లో చాలా దూరం ఫోన్లు పనిచేయవని తెలిసినవాళ్లందరూ చెబుతున్నారు. మా బావమరిది అమెరికా నుంచి వస్తూ ఒక శాటిలైట్ మెసెంజర్ తెస్తానంటున్నాడు. బటన్ నొక్కితే ఎక్కడున్నా కబురు వెళ్తుందట. తెప్పించుకోమంటారా? అది కాకపోతే ఇంకే దారి ఉంది?

—

హామ్_గుంటూరు (గుంటూరు) | శుక్రవారం రాత్రి 9:40

దయచేసి తెప్పించుకోవద్దు. రేపే ఫోన్ చేసి ఆపండి, ఆయన సామాను సర్దేసుకోకముందే.

మన దేశంలో శాటిలైట్ ఫోనైనా, శాటిలైట్ మెసెంజరైనా కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడమే నేరం. తురాయా, ఇరిడియం ఫోన్ల మీద నిషేధం ఉంది. 2008 ముంబయి దాడుల తర్వాత ఇంకా గట్టిగా చూస్తున్నారు. అనుమతితో దొరికేది బీఎస్ఎన్ఎల్ ద్వారా ఇన్‌మార్‌శాట్ అనే శాటిలైట్ సేవ ఒక్కటే, అది మామూలు ప్రయాణికుల కోసం కాదు. చేతిలో పట్టే గార్మిన్ కంపెనీ శాటిలైట్ మెసెంజర్లతో వచ్చిన విదేశీ పర్యాటకులను మన విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టారు. మీ బావమరిది శంషాబాద్‌లోనో గన్నవరంలోనో దిగగానే చిక్కుల్లో పడతారు.

ఐఫోన్ 14 నుంచి వచ్చిన శాటిలైట్ ఎస్ఓఎస్ కూడా మన దగ్గర లేదు. ఫోను అమెరికాలో కొన్నదే అయినా ఇక్కడ ఆ సేవ రాదు. దాని మీద ఆశ పెట్టుకుని అడవికి వెళ్లకండి.

రెండు కార్ల మధ్య మాట్లాడుకోవడానికైతే వాకీటాకీలు వాడొచ్చు. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు 2018 నుంచి లైసెన్సు అక్కర్లేదు. పెట్టె మీద ఆ ఫ్రీక్వెన్సీ రాసి ఉందో లేదో, ప్రభుత్వ ఆమోదం ఉందో లేదో చూసి కొనండి. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే పెద్ద సెట్లు ఏ ఫ్రీక్వెన్సీకైనా తిరుగుతాయి. అవి లైసెన్సు లేకుండా వాడకూడదు, అందులోనూ పులుల అభయారణ్యంలో పట్టుబడితే వేటగాళ్ల కింద అనుమానించినా కాదనలేం. సరైన సెట్టు కొన్నా ఘాట్ మలుపుల్లో కిలోమీటరు దాటి వినపడుతుందని లెక్కేసుకోవద్దు. ముందు కారు ఆగిపోయిందని వెనక కారుకి చెప్పుకోవడానికి అది చాలు.

—

శివయ్య_బాట (నరసరావుపేట) | శుక్రవారం రాత్రి 10:05

ఇంత హడావుడి ఎందుకండీ. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం దాకా జనం కాలినడకన వస్తారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు కూడా. ఉగాదికి కన్నడ భక్తులైతే ఇంకా దూరం నుంచి నడిచొస్తారు. ఎవరి దగ్గరా ఈ సెట్లూ గిట్లూ ఉండవు. మల్లన్న మీద భారం వేసి వెళ్లిరండి.

—

అడవిబాట (విజయవాడ) | శుక్రవారం రాత్రి 10:31

శివయ్య_బాట గారూ, మీ భక్తిని కాదనను. నేనూ ఆ మెట్లు ఎక్కినవాణ్నే. కానీ శివరాత్రికి ఆ దారి పొడుగునా చలివేంద్రాలు, వైద్య శిబిరాలు, పోలీసులు, అటవీ సిబ్బంది ఉంటారు. కాలు బెణికితే వెనక వచ్చేవాళ్లే ఎత్తుకుంటారు. కార్తీకంలో ఒక మంగళవారం సాయంత్రం ఆ దారిలో మనుషులే కనపడరు. అసలు ఆ రోజుల్లో అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం నేరం.

ఈ అడవి ఎంతదో మనకి ఊహకి అందదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మూడు వేల ఏడు వందల చదరపు కిలోమీటర్ల పైన, దేశంలోనే పెద్దది. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ దీని మీదే సంబంధాలు తెగి కనపడకుండా పోయింది. వాయుసేన విమానాలు, హెలికాప్టర్లు, పోలీసులు, అటవీ సిబ్బంది, చెంచులు అందరూ కలిసి వెతికితే పావురాల గుట్ట మీద జాడ తెలిసింది మర్నాడు ఉదయానికి. రాష్ట్రం మొత్తం వెతికిన మనిషికే అంత సమయం పట్టింది. మనం కనపడటం లేదని ఎవరికీ తెలియనే తెలియకపోతే వెతకడం మొదలయ్యేదెప్పుడు?

బెజవాడ_బండి గారూ, అందుకే పరికరం గురించి కాక మనిషి గురించి ఆలోచించండి. ఇంటి దగ్గర ఒక్క మనిషికి మీరు ఎక్కడ, ఎప్పుడు ఉంటారో తెలియాలి. ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. మీ గొంతు బయటికి రాకపోయినా ఆ మనిషి గొంతు పనిచేస్తుంది.

—

సింగ్‌నగర్_టీచర్ (విజయవాడ) | శనివారం ఉదయం 6:20

అడవిబాట గారి మాటకి నా అనుభవం కూడా జోడిస్తాను. అడవిది కాదు, మన ఊరిదే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మొదట పోయింది కరెంటు, ఆ తర్వాత ఫోన్లలో చార్జింగు. మేడ మీద చిక్కుకున్నవాళ్లు సగం మంది "అందరం బాగున్నాం" అని పాతికమందికి విడివిడిగా చెబుతూనే బ్యాటరీ అవగొట్టారు. మా వీధిలో ఒకావిడ మాత్రం తణుకులో ఉన్న తమ్ముడికి ఒక్కడికే మెసేజ్ పెట్టింది. ఇంట్లో ఎంతమంది, ఏ వీధి, ఏ గుర్తు, ఏ మందు అయిపోతోంది, మళ్లీ ఎన్ని గంటలకి ఫోన్ ఆన్ చేస్తుంది, అన్నీ అందులోనే. మిగతా చుట్టాలందరికీ చెప్పుకున్నదీ, పడవ కోసం తిరిగిందీ ఆ తమ్ముడే.

అడవికి వెళ్లేవాళ్లూ అలాగే ఒక మనిషిని పెట్టుకోవాలి. వాట్సాప్ గ్రూపులో పెడితే సరిపోతుందనుకోకండి. గ్రూపులో అందరూ చూస్తారు, ఎవరో ఒకరు కనుక్కుంటారులే అని ఎవరికివారు ఊరుకుంటారు. నిద్రపోకుండా మీ ఫోన్ కోసం చూసే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మీ వెంట రాకూడదు, అదే రోజు ఇంకో ప్రయాణంలోనూ ఉండకూడదు.

—

బెజవాడ_బండి (విజయవాడ) | శనివారం ఉదయం 7:02

హామ్ గారూ, బావమరిదికి రాత్రే చెప్పేశాను, తీసుకురాడు. చాలా పెద్ద చిక్కు తప్పించారు.

ఇంటి దగ్గర మనిషి అంటే గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దక్క ఉంది. రిటైరైంది, ఫోన్ చేతిలోనే ఉంటుంది. కానీ కంగారు మనిషి. గంట ఆలస్యమైతే ఊరంతా లేపుతుంది. ఆవిడకి ఏమని చెప్పాలి?

ఇంకోటి. సిగ్నల్ లేకపోయినా 112 కలుస్తుందంటారు, నిజమేనా?

—

హామ్_గుంటూరు (గుంటూరు) | శనివారం ఉదయం 7:45

సగం నిజం. మీ సిమ్ కంపెనీ టవర్ అందకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే 112 ఆ టవర్ మీద కలుస్తుంది. తెర మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనపడితే అదే అర్థం. ఏ కంపెనీ టవరూ లేకపోతే 112 కూడా కలవదు. అడవిలో చాలా చోట్ల ఉండేది ఈ రెండో పరిస్థితే. అందుకే రెండు కార్లలో కలిపి వేర్వేరు కంపెనీల సిమ్‌లు కనీసం మూడు ఉండేలా చూసుకోండి, ఒకటి బీఎస్ఎన్ఎల్ అయితే మంచిది.

శ్రీశైలం దగ్గర ఇంకో తిరకాసుంది. కృష్ణ అవతల తెలంగాణ. మీ ఫోను నది అవతలి టవర్ పట్టుకుంటే 112 కాల్ తెలంగాణ కంట్రోల్ రూముకి వెళ్లొచ్చు. వాళ్లూ సాయం చేస్తారు గానీ మీరు ఎక్కడున్నారో మొదటి మాటలోనే చెప్పాలి. "ఆంధ్రప్రదేశ్ వైపు, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే హైవే, ఫలానా కిలోమీటరు రాయి దగ్గర" అని మొదలుపెట్టండి. ఏం జరిగిందో ఆ తర్వాత. మధ్యలో లైను తెగినా చోటు చేరిపోతుంది.

ఫోన్లో జీపీఎస్‌కి సిగ్నల్‌తో పని లేదు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనూ పనిచేస్తుంది. ఇంటి దగ్గర వైఫై ఉన్నప్పుడే దోర్నాల, శ్రీశైలం, ఆత్మకూరు మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. నీలం చుక్క మీద వేలు నొక్కి పట్టుకుంటే మీరున్న చోటు చెప్పే రెండు సంఖ్యలు (అక్షాంశం, రేఖాంశం) వస్తాయి. శ్రీశైలంలో అయితే మొదటిది 16తో, రెండోది 78తో మొదలవుతుంది. దోర్నాల దగ్గరైతే 15, 79. ఇవి కాకుండా వేరే వస్తే ఏదో తేడా ఉందని అర్థం. ఆ సంఖ్యల్ని కాగితం మీద రాసుకోండి, ఫోను చచ్చినా కాగితం ఉంటుంది.

సిగ్నల్ ఒక గీత వచ్చి పోతూ ఉంటే కాల్ కోసం కుస్తీ పట్టకండి, ఎస్ఎంఎస్ పెట్టండి. క్షణం సిగ్నల్ అందినా మెసేజ్ పోతుంది. వాట్సాప్ లైవ్ లొకేషన్ ఇంటర్నెట్ ఉన్నంతవరకే కదులుతుంది. అది ఒక చోట ఆగిపోయిందంటే మీరక్కడే ఉన్నారని కాదు, చివరిగా నెట్ అందింది అక్కడని. ఇది మీ అక్కగారికి తప్పకుండా చెప్పండి.

టవర్ లేని చోట ఫోను ఊరికే వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది. దోర్నాల దాటాక ఒక ఫోను తప్ప మిగతావన్నీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

—

వినుకొండ_రోడ్డు (వినుకొండ) | శనివారం ఉదయం 8:30

నేను ఆ రూట్లో సరుకు బండి నడుపుతాను. అందరూ ఫోన్ గురించే చెప్పారు, నేను ఫోన్ లేని పని చెబుతాను.

ఘాట్‌లో బండి ఆగిపోతే మా దగ్గర ఉండేది చీటీ పద్ధతి. అటూ ఇటూ ఆర్టీసీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. చీటీ రాసి, దోర్నాల వైపు పోయే బస్సు డ్రైవరుకొకటి, శ్రీశైలం వైపు పోయే డ్రైవరుకొకటి ఇస్తాం. వాళ్లు చెక్‌పోస్టులో ఇచ్చేస్తారు. నోటితో చెబితే డ్రైవరు చెక్‌పోస్టు చేరేసరికి సగం మారిపోతుంది. "ఎర్ర కారు ఆగింది" అన్న మాట "కారు బోల్తా పడింది" అయిపోతుంది. చీటీ అయితే ఎక్కడికి చేరినా అదే మాట.

పోయిన వానాకాలం మా ముందు పోతున్న కారులో ఒక పెద్దాయనకి ఛాతీలో నొప్పొచ్చింది. ఎవరి ఫోనూ కలవలేదు. ఆయన కూతురు లెక్కల పుస్తకంలో కాగితం చింపి ఇలా రాసింది: "సమయం 4:10. తెల్ల కారు, నంబరు ఇది. ఈ కిలోమీటరు రాయి. మగ, 64, ఛాతీ నొప్పి, స్పృహలో ఉన్నారు. మేం దోర్నాల వైపు మెల్లగా వస్తున్నాం, 108ని ఎదురు పంపండి." అంతే. బస్సు మా కన్నా ముందు దిగింది, అంబులెన్సు దారిలోనే ఎదురొచ్చింది. "మెల్లగా వస్తున్నాం" అన్న ముక్క చూడండి. అది రాయకపోతే వాళ్లు ఆ రాయి దగ్గరే వెతికేవాళ్లు.

కారులో నాలుగు తెల్లకాగితాలు, రెండు పెన్నులు పెట్టుకోండి. పెట్రోలు దోర్నాలలో నింపుకోండి, పైన చూసుకుందాంలే అనుకోవద్దు. స్టెప్నీలో గాలి ఇక్కడే చూపించుకోండి.

—

అడవిబాట (విజయవాడ) | శనివారం ఉదయం 9:15

వినుకొండ అన్న చెప్పింది బంగారం లాంటి మాట.

గేటు టైము కూడా మర్చిపోవద్దు. దోర్నాల–శ్రీశైలం, దోర్నాల–ఆత్మకూరు దారులు రెండూ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే సమయమది. రెండో రోజు మీరు ఒక దారి దిగి రెండో దారి ఎక్కాలి, అంటే రెండు గేట్లు. 8:55కి దోర్నాల చేరి "ఒక్క ఐదు నిమిషాలే కదా" అని బతిమాలుకునే పరిస్థితి తెచ్చుకోకండి. సాయంత్రం 5 కల్లా బైర్లూటి చేరేలా ప్లాను చేసుకోండి.

ఘాట్‌లో బండి ఆగితే బండిలోనే ఉండాలి. ఎలుగుబంటి పులి కన్నా ప్రమాదం, దానికి కళ్లు సరిగా ఆనవు, ఎదురుపడితే భయంతో మీద పడుతుంది. పిల్లలు మూత్రానికి వెళ్లాలన్నా బండి పక్కనే, పెద్దవాళ్లు తోడుండి. కోతులకు అరటిపళ్లు వేయడానికి అద్దాలు దించకండి. మంట వేయకండి, పొగతో గుర్తు ఇద్దామన్న ఆలోచన కూడా వద్దు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం నేరం, ఎండుగడ్డికి అంటుకుంటే మీరే బయటపడలేరు. ప్రతి మనిషి మెడలో ఒక విజిల్ వేయండి. మూడుసార్లు ఊది ఆగడం, మళ్లీ మూడుసార్లు. ఆపదలో ఉన్నామని చెప్పడానికి చాలా చోట్ల వాడే గుర్తు అది. అరిచిన గొంతు కాసేపటికి పోతుంది, విజిల్ పోదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఈ అడవిలో అటవీశాఖ బేస్ క్యాంపులున్నాయి, వాటిలో ప్రొటెక్షన్ వాచర్లుగా ఎక్కువమంది చెంచులే. వాళ్ల దగ్గర వైర్‌లెస్ సెట్లుంటాయి. మన ఫోను మూగబోయిన చోట వాళ్ల సెట్టు మాట్లాడుతుంది. సఫారీ జీపులో గైడుని ఎక్కగానే అడగండి, "అన్నా, ఇక్కడికి దగ్గర క్యాంపు ఏది, ఏ వైపు?" అని. వాళ్లు చెంచు పేర్లతో వాగులు, గుట్టలు చెబుతారు. ఆ పేర్లే రాసుకోండి, వెతికేవాళ్లకి మ్యాపు కన్నా ఆ పేర్లే పనికొస్తాయి.

—

క్యాజువాలిటీ_సిస్టర్ (గుంటూరు) | శనివారం మధ్యాహ్నం 2:50

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. మందుల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

పాము కాటు. కార్తీకంలో అవి ఇంకా తిరుగుతుంటాయి. కరిచిందంటే మొదట మనిషిని కూర్చోబెట్టండి, నడవనివ్వొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపొచ్చాక రావు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి గుడ్డతో వదులుగా కట్టండి. తాడు బిగించి కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయొద్దు. బిగించి కట్టిన తాడు వల్ల కాలు పాడైన కేసులు మేం చూస్తూనే ఉంటాం. కరిచిన టైము రాయండి. పాముని వెతకొద్దు, చంపి సంచిలో వేసుకుని రావద్దు. మన యాంటీ వెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసేదే, పాము చూపించకపోయినా లక్షణాలు చూసి డాక్టర్లు మొదలుపెడతారు.

కట్లపాము గురించి విడిగా చెప్పాలి. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. "రాత్రి తిన్నది పడలేదు" అనుకుని సోడా తాగించి కూర్చుంటారు. అడవి క్యాంపులో పిల్లో పెద్దో ఇలా లేస్తే పాము కాటే అనుకుని బయల్దేరండి. మంచాల మీదే పడుకోండి, దుప్పటి నేలకి జారకుండా చూసుకోండి. చీకట్లో గుమ్మం దాటితే టార్చి, బూట్లు తొడిగే ముందు బోర్లించి దులపండి.

వెళ్లే ముందు దారిలో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రులకు ఫోన్ చేసి యాంటీ వెనమ్ ఉందా, రాత్రి డాక్టరుంటారా కనుక్కోండి. శ్రీశైలం వైపు ఉంటే ఎక్కడికి, దోర్నాల వైపు ఉంటే మార్కాపురమా, బైర్లూటిలో ఉంటే ఆత్మకూరా, ముందే రాసిపెట్టుకోవాలి. ఆ క్షణంలో ఆలోచన రాదు.

మీ నాన్నగారి సంగతి. ఇన్సులిన్ పెన్ను డ్యాష్‌బోర్డులో, డిక్కీలో పెట్టొద్దు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే సుమారు నాలుగు వారాలు బాగానే ఉంటుంది, కానీ ఎండలో నిలిపిన కారులో గంటలోనే పాడవుతుంది. చల్లటి పౌచ్‌లో మనిషి దగ్గరే ఉండాలి. సఫారీ ఆలస్యమై భోజనం తప్పితే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, చిరాకు, పొంతన లేని మాటలు వస్తే స్పృహలో ఉన్నప్పుడే మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. పావుగంటకి మళ్లీ పరీక్ష చేసి, తగ్గకపోతే ఇంకోసారి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి బయల్దేరండి.

—

శివయ్య_బాట (నరసరావుపేట) | శనివారం సాయంత్రం 5:10

సిస్టర్ గారూ, కట్లపాము మాట చదివి మా పిన్ని గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు సరిగ్గా అలాగే పోయింది, కడుపునొప్పి అనుకున్నాం. నేల మీద పడుకోవద్దని మా ఇంట్లో ఈరోజే చెప్పాను. దేవుడి మీద నా నమ్మకం మారదు. ఈ జాగ్రత్తలు మాత్రం మా పాదయాత్ర బృందానికి పంపుతాను.

తేనెటీగల గురించి కూడా రాయండి ఎవరైనా. కొండ అంచుల్లో పెద్ద తుట్టెలుంటాయి. పొరపాటున అగరుబత్తులు వెలిగిస్తే లేస్తాయి.

—

అడవిబాట (విజయవాడ) | శనివారం సాయంత్రం 5:35

మంచి మాట ఎత్తారు. తుట్టె లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని పరుగెత్తడమే, కారులో దూరి అద్దాలు బిగించడమే. వాగులో మునగొద్దు, అవి పైనే కాచుకుంటాయి. అత్తరు, సెంటు పూసుకుని రావద్దు.

—

హామ్_గుంటూరు (గుంటూరు) | శనివారం రాత్రి 8:20

బెజవాడ_బండి గారూ, మీ పెద్దక్క గారి ప్రశ్న మధ్యలో ఉండిపోయింది. కంగారు మనిషికి "చూసుకో" అని చెబితే కంగారే మిగులుతుంది. రాసి ఇవ్వండి, ఏ గంటకి ఏం చేయాలో. అప్పుడు ఆవిడకన్నా గట్టి మనిషి దొరకదు. కంగారుపడేవాళ్లు ఫోన్ చేయడం మర్చిపోరు.

—

బెజవాడ_బండి (విజయవాడ) | ఆదివారం ఉదయం 10:05

రాత్రి అందరం కూర్చుని రాశాం. అక్కకి ఇచ్చే కాగితం ఇది. ఫోన్ నంబర్లు, కారు నంబర్లు ఇక్కడ తీసేశాను. తప్పులుంటే చెప్పండి.

"కార్లు రెండు, రంగు, నంబరు. మనుషుల పేర్లు, వయసులు, నాన్న మందులు, ఎవరికే అలర్జీ. ఎవరు ఏ రంగు బట్టల్లో ఉన్నారో బయల్దేరేటప్పుడు ఫోటో పంపుతాం.

మొదటి రోజు: మధ్యాహ్నం 2కి దోర్నాల నుంచి ఫోన్ చేస్తాం. 4:30 కల్లా శ్రీశైలం నుంచి ఫోన్ చేస్తాం. రాకపోతే 5:30 దాకా ఆగు. 5:30కి మా రూముకి ఫోన్ చేసి దిగామో లేదో కనుక్కో. దిగలేదంటే 112కి చెయ్యి, దోర్నాల–శ్రీశైలం దారి అని మొదట చెప్పు.

రెండో రోజు: ఉదయం 9కి శ్రీశైలం నుంచి ఫోన్ చేస్తాం. ఆ తర్వాత దోర్నాల దాకా ఫోన్ ఉండదు, కంగారు పడకు. 3కి దోర్నాల నుంచి, 5కి బైర్లూటి క్యాంపు నుంచి. 6 దాటితే క్యాంపుకి చెయ్యి. అక్కడా లేమంటే 112.

మేం ప్లాను మార్చుకుంటే సిగ్నల్ ఉన్న చోట మెసేజ్ పెట్టాకే మారుస్తాం. మెసేజ్ రాలేదంటే పాత ప్లానే."

—

అడవిబాట (విజయవాడ) | ఆదివారం ఉదయం 10:40

చివరి ముక్క నాకు బాగా నచ్చింది. చాలామంది తప్పిపోయేది అక్కడే. "ఇంత దూరం వచ్చాం, ఆ గుడి కూడా చూద్దాం" అని దారి మారుస్తారు, వెతికేవాళ్లు పాత దారిలో తిరుగుతుంటారు.

రెండో రోజు ఒక్కటి మార్చాలి. సఫారీ, ఇష్టకామేశ్వరి రెండూ పెట్టుకుని 3కి దోర్నాల చేరడం కష్టం. ఇష్టకామేశ్వరికి మీ కార్లు పోవు, అటవీశాఖ అనుమతించిన జీపుల్లోనే వెళ్లాలి, అవి పరిమితం. నెక్కంటి నుంచి లోపలికి దారంతా రాళ్లు, ఆ కుదుపులు పెద్దవాళ్లు తట్టుకోలేరు. ఏదో ఒకటి ఎంచుకోండి.

—

సింగ్‌నగర్_టీచర్ (విజయవాడ) | ఆదివారం ఉదయం 11:15

కాగితం చాలా బాగుంది. అక్కగారి చేత ఒకసారి చదివించి, "ఆరింటికి ఫోన్ రాలేదనుకో, ఏం చేస్తావ్?" అని అడిగి చూడండి. ఆవిడ నోటితో చెప్పగలిగితే పని అయినట్టే. ఇంకో కాపీ ప్రతి కారు అద్దం వెనక పెట్టండి. పిల్లలకి కూడా ఇంట్లో ఒక పెద్దవాళ్ల నంబరు కంఠస్థం చేయించండి, ఈ కాలం పిల్లలకి ఒక్క నంబరూ నోటికి రాదు.

రాష్ట్ర విపత్తు కంట్రోల్ రూము 1070 కూడా రాసుకోండి. వానలు గట్టిగా పడితే దారి తెరిచి ఉందా అని బయల్దేరే ముందు కనుక్కోవడానికి పనికొస్తుంది. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణమే వాయిదా వేయండి. కార్తీకం మన తీరానికి తుపానుల నెల, నల్లమల వాగులు గంటలో పొంగుతాయి.

—

నిర్వాహకుడు | ఆదివారం మధ్యాహ్నం 12:30

ఇద్దరు సభ్యులు చెక్‌పోస్టు సిబ్బంది, జీపు డ్రైవర్ల సొంత ఫోన్ నంబర్లు పెట్టారు. వాటిని తీసేశాం. దయచేసి ప్రభుత్వ నంబర్లు మాత్రమే రాయండి. చర్చ తెరిచే ఉంటుంది.

—

బెజవాడ_బండి (విజయవాడ) | ఆదివారం రాత్రి 9:20

ఇష్టకామేశ్వరి ఈసారికి మానేశాం. మా అమ్మ కొంచెం బాధపడింది గానీ అడవిబాట గారు రాసింది చదివి వినిపిస్తే తనే వద్దంది. అక్కని అడిగి చూశాను, టీచర్ గారూ. టకటకా చెప్పేసింది, పైగా కాగితం ఫ్రిజ్ మీద అంటించుకుంది. నాలుగు కంపెనీల సిమ్‌లు తేలాయి. వాకీటాకీలు పెట్టె మీద ఫ్రీక్వెన్సీ చూసే కొన్నాను.

ఒక్కటి మిగిలింది. నాన్న ఇన్సులిన్ అంతా ఒక కారులోనే పెట్టాలా?

—

క్యాజువాలిటీ_సిస్టర్ (గుంటూరు) | ఆదివారం రాత్రి 10:02

కాదు, తమ్ముడూ. వాడే పెన్ను ఆయన దగ్గర, కొత్త పెన్ను ఇంకో కారులో పౌచ్‌లో. గ్లూకోమీటరు, పంచదార పొట్లం ఆయన దగ్గరే. డాక్టరు చీటీ ఫోటో రెండు ఫోన్లలో ఉండాలి, కొత్త ఊళ్లో మందు కొనాల్సి వస్తే మోతాదు తెలియాలి.